లైసీన్ పక్కన ఎవరున్నారు

తిరుపతి. రాత్రి పదకొండు దాటింది.
బయోకెమిస్ట్రీ విభాగం మూడో అంతస్తులో
చలిగది తలుపు సరిగ్గా పడదు,
బయటినుంచి ఇటుక ఆనిస్తాం.
డార్క్‌రూములో ఎర్రబల్బు కింద నిలబడి
ఫిల్ము మీద గీత తేలుతుందేమోనని చూస్తున్నాను.

నాలుగేళ్లుగా ఒక ఎంజైమ్‌ని అడుగుతున్నది ఒకటే:
కణంలో ఇన్ని వేల ప్రోటీన్లు,
ప్రతిదాని ఒంటి మీదా లైసీన్లు
చేతులు చాపుకుని నిలబడి ఉంటాయి కదా,
ఆ చేతులన్నీ ఒకేలా ఉంటాయి కదా,
నువ్వు దీన్నే ఎందుకు ముట్టుకున్నావు?

ఎసిటైల్ ఎంతని!
రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, మూడు హైడ్రోజన్లు,
పులిసిన కల్లు వాసనకి దగ్గరి చుట్టం.
అది అంటుకుంటే లైసీన్ మీది ఆవేశం చల్లారుతుంది,
డీఎన్ఏని పట్టుకున్న పిడికిలి సడలుతుంది,
ఎన్నాళ్లుగానో చదవని జన్యువు ఒకటి బయటపడుతుంది.
తీసేస్తే మళ్లీ పిడికిలి.
పని ఇంతే.
ఎవరి మీద చెయ్యాలన్నదే చిక్కు.

మా సారు ముప్పై ఏళ్లుగా బోర్డు మీద
తాళం, తాళంచెవి గీస్తున్నారు.
నాకు మాత్రం దామలచెరువు మండీ గుర్తొస్తుంది.

జూన్ నెల. తోతాపురి కుప్పలు.
గోనెపట్టా మీద మా చిన్నమ్మ చెంగమ్మ,
జీడి తగిలి కమిలిన వేళ్లతో
మంచికాయ ఇటు, జ్యూసుకాయ అటు.
"ఎట్ల తెలస్తాది చిన్నమ్మా?"
"కాయని చూస్తే ఏం తెలస్తాది పాపా,
దాని పక్కన ఏముందో చూడల్ల.
తొడిమ కాడ జీడి కారిందా,
మీద కాయ బరువుకి నలిగిందా,
ఎవురి బండ్లో వచ్చె, ఎవురు మోసుకొచ్చిరి..."
మాట అవకముందే మూడు కాయలు అటు పడేవి.

ఇప్పుడు నా నోటుబుక్కులో ఉన్నదీ దాదాపు ఇదే.
లైసీన్‌కి ముందు గ్లైసీన్ ఉంటే ఎంజైమ్ కాస్త మొగ్గుతుంది,
రెండడుగుల అవతల ప్రోలీన్ ఉంటే మరికాస్త.
మొగ్గు మాత్రమే, మాట ఇవ్వదు.
ఒంటరిగా వదిలితే విడి హిస్టోన్లతో సరిపెట్టుకుంటుంది,
డీఎన్ఏ చుట్టుకున్న హిస్టోన్ దగ్గరికి పోనే పోదు.
నలుగురు తోడు ప్రోటీన్లు చేరి
చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి.
తీసేసే ఎంజైముల్లో ఒకటుంది,
తన తోడు తట్టి లేపితే గాని
దానికి మెలకువే రాదు.

ఇక మైటోకాండ్రియాలో ఏరేవాళ్లెవరూ ఉన్నట్టు లేదు.
ఎసిటైల్ మండీ దారిలో దుమ్ములా
ఎవరి మీద పడితే వాళ్ల మీద పడుతుంది.
అక్కడ ఎంపికంతా తుడిచేవాళ్లదే.
ఎవరిని తుడిచారు, ఎవరిని అలాగే వదిలేశారు.

వదిలేయడం అన్న మాట దగ్గర
నా చెయ్యి ఎప్పుడూ ఆగుతుంది.

అక్క సుగుణ నాకంటే వేగంగా లెక్కపెట్టేది.
వందకాయల గంపలో రెండు తక్కువైతే
ఎత్తి చూసి చెప్పేది.
ఆ ఏడు చిన్నమ్మ దగ్గర ఒక్కరి ఫీజుకే డబ్బుంది.
పీహెచ్‌డీలో చేరాక, ధైర్యం తెచ్చుకుని,
నన్నే ఎందుకు చదివించావని అడిగాను.
తెలివిగలదాన్నని అంటుందనుకున్నాను.
వక్క కొరుకుతా చాలాసేపు ఊరకుంది.
"ఏముంది పాపా.
మేస్త్రీ కూలి డబ్బు చేతిలో పెట్టినప్పుడు
అది కాటా కాడ ఉండె.
నువ్వు నా పక్కన కూచోనుంటివి."

ఫిల్ము మీద గీత తేలింది.
రావాల్సిన చోట ఒకటి.
దానికి కాస్త కింద, ఎవరూ పిలవని చోట,
సన్నగా ఇంకొకటి.

పెన్నుతో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
రేపు మళ్లీ చెయ్యాలి.
దిగేటప్పుడు ఇటుక సర్దాను,
అక్కకి ఫోన్ చేద్దామనుకున్నాను.
తెల్లారుజామున మూడింటికి లేచి
మండీకి పోవాలి తను.
చెయ్యలేదు.